జానెడు అట్టలో కాళ్లు

మొన్న గోడలకు సున్నం వేయించాలని మా ఆలుమగల పటం దించితే, హైదరాబాద్‌లో బొమ్మలు గీయడం చదువుతున్న మా మనవరాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇక లేవదు. ఊళ్లు విడిచిపోయిన వాళ్లను బొమ్మల్లో ఎట్లా చూపించారో రాయాలట. బొమ్మలకూ చదువు, దానికో ఫీజు! నేను మూడో తరగతితో ఆపేసినదాన్నే. అయినా ఈ పటం సంగతి ఆ పిల్ల పంతుళ్లకంటే నాకే ఎక్కువ తెలుసు.

బోధన్ పక్క ఊళ్లో చెరుకు కొట్టే మా ఇంటాయన, చంకలో బిడ్డ ఉండగానే నన్ను విడిచి దుబాయి పోయాడు. అత్తా నేనూ నిజామాబాద్‌లో కిరాయి అర్రలో చేరి బీడీలు చుట్టేవాళ్లం. మా గల్లీలో మొగుడు దుబాయిలో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక జోడీ పటం ఉండేది. ఆడమనిషిని స్టూడియోలో కూర్చోబెట్టి ఫొటో తీసేవారు. పాస్‌పోర్టు ఫొటోలోని మగమనిషి తలను పెద్దది చేసి పక్కన అతికించి, రంగులు వేసేవారు. నిలువెత్తు పటానికి ధర ఎక్కువని నేను ఛాతీ వరకే చాలన్నాను. పెయింటర్ మా ఆయనకు జన్మలో ఎరగని నీలం కోటు తొడిగాడు. కోటుకు విడిగా ధర లేదు కాబట్టి ఉండనిచ్చాను.

అత్త పటం చూసి గడపలోనే కూలబడింది. "కాళ్లేవే? కాళ్లు లేకుంట నా కొడుకు ఎట్ల నడిసొస్తడే?"

"ఇమానంల వస్తడు అత్తమ్మా."

"ఇమానం దాక అయితె నడువాలె గద!"

అప్పుడు నవ్వాను. కానీ రెండేళ్లని పోయిన మనిషి నాలుగేళ్లయినా రాలేదు. పనిచ్చినవాడు పాస్‌పోర్టు గుంజుకుని ఇవ్వడం లేదని తిరిగొచ్చినవాళ్లతో చెప్పి పంపాడు. అక్కడ ఆయనకు ఇసుక, ఇక్కడ నాకు అర్ర, చాట, బీడీల కార్ఖానా, మళ్లీ అర్ర. తునికాకు వాసన తలదిండును కూడా వదిలేది కాదు. అత్త నన్ను తిట్టడం మానేసి పటం వంక చూసి నిట్టూర్చేది. తిట్టినా బాగుండేది. గోడ మీద కాళ్లు లేని మనిషి, దాని కింద కాళ్లు ముడుచుకుని నేను.

చివరికి నేనే పటం చంకన పెట్టుకుని, అత్తను వెంటబెట్టుకుని స్టూడియోకు పోయాను. కింద జానెడు అట్ట అతికించి కాళ్లు గీయమన్నాం. కోటుకు తగ్గట్టు నల్ల బూట్లు వేస్తానన్నాడు పెయింటర్.

"బూట్లొద్దు బిడ్డా," అంది అత్త. "బూట్లేస్తె వాడు అక్కడోడె అయితడు. ఉట్టి కాళ్లె ఎయ్యి. కుడికాలు చిటికెనేలు సగమే ఉంటది, చెరుకు కత్తి తాకింది."

"అవ్వా, దేవుని పటానికి సుత గిన్ని షర్తులు పెట్టరు," అని నవ్వి అతను నా వైపు తిరిగాడు. "అక్కా, పనిల పని, నీ కాళ్లు సుత ఎయ్యాల్నా?"

"నేనేడికి పోయేదున్నది? ఆయినయే ఎయ్యి," అన్నాను.

ఆ జానెడు అట్టలోనే నడుము, ప్యాంటు, కాళ్లు అన్నీ ఇరికించాడు. మా ఆయన మరుగుజ్జు కలెక్టరులా తేలాడు. అత్తకు మాత్రం అది చాలింది.

పాస్‌పోర్టు చేతికొచ్చి, పోయిన తొమ్మిదేళ్లకు ఆయన వచ్చాడు. బస్టాండులో ఆ బట్టతల మనిషిని నేను పోల్చుకోలేకపోయాను. చూపు మందగించిన అత్త ముఖం జోలికే పోలేదు. వంగి, బూటు విప్పించి, చిటికెనవేలు తడిమి, "మనోడే," అంది. ఏడాది తిరగకముందే ఆయనకు అర్ర ఇరుకైంది. మళ్లీ పోయాడు, మళ్లీ వచ్చాడు. కాళ్లున్న మనిషి మరి.

మనవరాలు పటం అడుగున దుమ్ము తుడిచింది. ఆయన వైపు కాళ్లు, నా వైపు ఖాళీ అట్ట.

"అమ్మమ్మా, నీ కాళ్లేవి?"

అత్త కొడుకు పటం చూసి అడిగిన మాటే అది. పనిలో పనిగా పెయింటర్ అడిగింది తప్ప, నా కోసం ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. "నేను గీస్తా, ఎట్లుంటయో చెప్పు," అంటూ పెన్సిల్ తీసింది. ధర ఎంతని అడగబోయి ఊరుకున్నాను. వాటిని ముడుచుకునే నలభై ఏళ్లు గడిచాయి. ఎట్లా ఉంటాయో చెప్పమంటే, నాకే వంగి చూసుకోవలసి వచ్చింది.