బస్సు దిగిన మ్యాప్

డిపోలో ఆయన పేరు మ్యాప్. పాతపట్నం రూటు బస్సును ఏళ్ల తరబడి నడిపాడు. ఏ మలుపులో స్టీరింగు ఎంత తిప్పాలో ఆయన చేతులకే తెలుసు. కొత్త డ్రైవర్లు దారి అడిగితే మీసం మెలేసి మరీ చెప్పేవాడు. మొన్నీమధ్యే రిటైరయ్యాడు.

భార్యకు వచ్చే వారం మోకాలి ఆపరేషన్. తర్వాత చాన్నాళ్లు నడక కుదరదన్నాడు డాక్టరు. ఆవిడ కోరింది ఒక్కటే.

"రోజూ అన్నం తింటూ పాతపట్నం గడియారం చౌకు గురించి ఊరించేవారుగా. ఈ కాలు నడుస్తుండగానే ఒక్కసారి చూపించండి."

"అదెంత పని! కళ్లకు గంతలు కట్టినా తీసుకుపోతా," అన్నాడు మ్యాప్.

తీరా ఇద్దరూ పాతపట్నంలో బస్సు దిగాక, కళ్లు తెరుచుకుని ఉండే దారి తప్పాడు. బస్సు వెళ్లే రోడ్డును తవ్వేసి అడ్డంగా రేకులు పెట్టారు. సరేలెమ్మని పక్కకు తిరిగాడు. డ్రైవరు సీటులోంచైతే జనం తలల మీదుగా మలుపు కనబడేది. నేల మీద నిలబడితే ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడదాయె! ఎటు తిరిగినా అదే తాళాల షాపు ముందుకొచ్చి తేలుతున్నారు. ఊరు తనను ఆటపట్టిస్తోందా, మతి పోతోందా అన్నది పాపం ఆయనకే అంతుబట్టలేదు.

మళ్లీ అక్కడికే వచ్చేసరికి భార్య ఆ షాపు మెట్టు మీద చతికిలబడింది. "పోనీలెండి, ఇంటికి పోదాం. మోకాలు లాగేస్తోంది," అంది.

ఆ 'పోనీలెండి' ఆయన గుండెలో గుచ్చుకుంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఆవిడ మళ్లీ అడగదని ఆయనకు తెలుసు. ఇన్నేళ్లలో ఆవిడ ఏదీ రెండోసారి అడిగింది లేదు.

షాపులో తాళంచెవి అరగదీస్తున్న ముసలాయన తలెత్తాడు. "ఏం సార్, తాళం పోయిందా, దారి పోయిందా?"

"గడియారం చౌకుకి..."

"ఈ సందు చివరేగా!"

"అటెలా వెళ్తామండీ? వన్‌వే!"

ముసలాయన ఆయన్ను ఎగాదిగా చూశాడు. "వన్‌వే బళ్లకి సార్. మీకేం చక్రాలున్నాయా?"

భార్యకు నవ్వాగలేదు. "అందుకా, ఇందాకట్నుంచి ఈ సందు దగ్గరికి రాగానే పక్కకు తిరిగిపోతున్నారు?" అంటూ చెయ్యిచ్చి లేపమంది.

సందంతా మ్యాప్ గోడకు అతుక్కునే నడిచాడు, ఎదురుగా ఏ లారీ వస్తుందోనని. సందు దాటగానే చౌకు. స్తంభం మీద పెద్ద గడియారం, చుట్టూ రాతి మేడలు, ప్రతి కిటికీ మీదా చెక్కిన పిట్టలు. మ్యాప్ నోరు తెరిచాడు.

"ఇవెప్పుడు కట్టారే?"

"రోజూ చూసేవారుగా?"

ఆయన తల దించుకున్నాడు. "చూడలేదే. తల తిప్పితే బస్సు ఎవడు చూసుకుంటాడు? ఇన్నేళ్లూ నేను చూసింది ముందుబండి వెనకభాగమే. నీకు చెప్పినవన్నీ ప్యాసింజర్లు అనుకునే మాటలు."

ఆవిడ స్తంభం కింద అరుగు మీద కూర్చుని పక్కన చోటిచ్చింది.

"అదిగో, ఆ పిట్టకు ముక్కు లేదు, చూశారా?"

"ఏదీ?" అని మ్యాప్ తల పూర్తిగా పైకెత్తాడు.