పసుపు గుడ్డలో రామటెంకి

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున, చెప్పులు విప్పకముందే నా కళ్లు పూజ అలమర పక్కన మేకుకు వేలాడుతున్న పసుపు ముడుపు మీద పడ్డాయి. డెంగీ జ్వరం మనిషిలో సగాన్ని తినేస్తుంది. మిగిలిన సగం అక్కడే, గడప దగ్గరే, జారిపోయింది నాకు. ముడుపు అంటే లోపల నాణెం ఉంటుంది. మా ఇంట్లో నాణేలు ఉండే చోటు ఒకటే, నా బల్ల.

"ఏ నాణెం వేసి కట్టావు?" అన్నాను మా ఆవిడతో, గోడ పట్టుకుని.

"ముందు కూర్చోండి. కాళ్లు వణకతా ఉండాయి."

"ఇది జ్వరం వణుకు కాదు. ఏ నాణెం?"

"మీ బల్ల మీద అంతా తలకాయలే కదా. రాణి తలకాయ, గడ్డం రాజు తలకాయ, బోడిగుండు రాజు ఇంకొకడు. ఏడుకొండలవాడికి ఆ తలకాయలు ఎట్ల కట్టేది? రాముల వారు ఉండేది ఒకటి కనపడింది. సీతమ్మతో సహా కూర్చోని ఉండాడు. కళ్లకద్దుకుని కట్టేసినా."

అది నాది కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. గాలి మాత్రమే వచ్చింది.

పాతికేళ్లుగా పాత నాణేలు, గుళ్ల బిళ్లలు, మిల్లు టోకెన్లు, ఎప్పటి పట్టాభిషేకానికో బడిపిల్లలకు పంచిన పతకాలు పోగేస్తున్నాను. పెరంబూరులో మా నాలుగు వీధులకూ నేనే పరీక్షాధికారిని. ఎవరి బియ్యం డబ్బా అడుగున పచ్చబడిన రాగి బిళ్ల దొరికినా తిన్నగా నా దగ్గరికి తెస్తారు. తెచ్చేటప్పుడు వాళ్ల మొహాల్లో రెండంతస్తుల మేడ కనబడుతుంది. నేను అసలు విలువ చెప్పగానే ఆ మేడ కూలి నా నెత్తిన పడుతుంది. "ఈయనకేం తెలుసు" అని వెళ్లిపోతారు. అందుకని నిజం చెప్పడమంటే నాకు ఎప్పుడూ భయమే.

ఈ రామటెంకి తెచ్చిన మనిషికి చెప్పడమంటే ఇంకా భయం. పక్క వీధి పెద్దాయన. డెబ్బై దాటాయి. మనలి వైపు ఎప్పుడో మూతపడిన ఒక ఫౌండ్రీలో ముప్పై అయిదేళ్లు కరిగిన ఇనుమును అచ్చుల్లో పోసిన చేతులు. ఒక్కో చెయ్యి మా ఇంటి గ్రైండర్ రాయంత ఉంటుంది. ఆయన ఇక్కడ దగ్గితే ఎన్నూరులో పడవలు తాళ్లు తెంపుకుంటాయి. మీసం సంగతి చెప్పనక్కర్లేదు. ఆయన మలుపు తిరిగాక రెండు క్షణాల తరవాత మీసం కొసలు తిరుగుతాయి.

టెంకి ఆయన తల్లిది. ఒక వైపు రాముడి పట్టాభిషేకం, రెండో వైపు విల్లంబులతో అన్నదమ్ములు. ఇలాంటివి చెలామణీ కోసం కాదు, పూజలో పెట్టుకోవడానికి చేసేవారు. ఆమె బతికినన్నాళ్లూ రోజూ దానికి కుంకుమ పెట్టింది. పోయిన తరవాత ఏటా తద్దినం నాడు ఆమె ఫొటో ముందు దాన్ని పెడతారు.

"పాతదా కాదా చూసి చెప్పు తమ్ముడూ. అమ్మ తద్దినం లోపల నా చేతికి రావాల. పోయిందంటే నేను మనిషిని కాను, చెప్తా ఉండా" అన్నాడు. ఆయన మనిషి కాకపోతే ఏమవుతాడో ఊహించడానికి నాకు ధైర్యం చాలలేదు.

రెండు రోజులు చూశాను. భూతద్దం పెట్టి చూశాను, తూచాను, మళ్లీ చూశాను. సందేహం లేదు. అది అచ్చు కొట్టింది కాదు, పోత పోసింది. పాత టెంకిని సుత్తి దెబ్బతో కొడతారు, గీతలు కొరడా దెబ్బల్లా తేలతాయి. దీనిలో సీతమ్మ ముక్కు నానిన సబ్బులా ఉంది. ఒళ్లంతా సూదిమొన పొక్కులు. అంచు మీద సన్నటి అతుకు గీత. పైన వెండి పూత, లోపల ఇత్తడి.

ఈ ముక్క ఆయనకు ఎలా చెప్పాలి? అద్దం ముందు నిలబడి పద్నాలుగు రకాలుగా సాధన చేశాను. పద్నాలుగింటిలోనూ చివర్లో నేను కింద పడి ఉన్నాను. ఆ మధ్యలో కాకి అంత దోమ ఒకటి వచ్చి కుట్టింది.

ఆస్పత్రి గురించి తమాషాగా చెప్పాలని చూస్తాను కానీ చేతకాదు. పొద్దున్నే నర్సు వచ్చి రక్తం తీసేది, మధ్యాహ్నానికి ప్లేట్‌లెట్ల అంకె ఒకటి చెప్పేది. ఆ అంకె రోజూ దిగేది. అరవై వేలు. నలభై. నేను పైకప్పు మీద ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేవాణ్ణి. మూడే ఉన్నాయని తెలిసి కూడా మళ్లీ లెక్కపెట్టేవాణ్ణి. చిగుళ్లలో ఉప్పగా తగిలితే అది రక్తమో కాదో చూడటానికి నాలుక బయట పెట్టే ధైర్యం లేక మింగేసేవాణ్ణి.

అలా బతికి వచ్చి ఇప్పుడు ఇక్కడ ఇరుక్కున్నాను. ముడుపు విప్పితే దేవుడు. విప్పకపోతే పెద్దాయన. పోనీ "అన్నా, అది ఇత్తడి, పోతే పోయింది" అందామంటే ఎవరు నమ్ముతారు? సరుకు చూపించకుండా సరుకు నకిలీ అని చెప్పేవాణ్ణి లోకం ఏమంటుందో నాకు తెలుసు. నేనే అంటాను ఆ మాట.

తద్దినం గురువారం. మంగళవారం పొద్దున మా ఆవిడ కూరగాయలకు వెళ్లింది. నా దగ్గర అదే సైజు గుడి బిళ్ల ఇంకొకటి ఉంది, దాని మీద ఆంజనేయుడు. అది ముడుపులో పెట్టి, ఇది తీసి, మళ్లీ కట్టేస్తే? ఆంజనేయుడు రాముడి తరఫున రాయబారం వెళ్లినవాడే కదా, ఇంకొకసారి వెళితే ఏం పోయింది అని నా మనసు వాదించింది. స్టూలెక్కాను. ముడి మీద వేలు పెట్టాను. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కరు కూసింది. అది కుక్కరు కూత అని ఇవాళ చెప్పగలను. ఆ క్షణంలో మాత్రం వైకుంఠ ద్వారం దగ్గర ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. స్టూలు ఒక పక్కకు, నేను ఒక పక్కకు. లేచి కూర్చుని ముందు చిగుళ్లు తడుముకున్నాను.

వేళ్లకు పసుపు అంటింది. సబ్బు పెట్టి తోముకుంటుంటే తలుపు తట్టిన చప్పుడు. మా తలుపును అలా తట్టేవాడు ఒకడే.

"ఏం తమ్ముడూ, ఇట్ల అయిపోయినావే! కొక్కికి తగిలించిన చొక్కా మాదిరి ఉండావు" అంటూ వచ్చి కూర్చున్నాడు పెద్దాయన. కుర్చీ ఏడ్చింది. "ఒళ్లు ఎట్ల ఉండాది?"

"పరవాలేదన్నా."

"సెరి. చూసినావా మరి?"

"ఏది?"

"ఏదంటే? మా అమ్మ రామటెంకి!"

సాధన చేసిన పద్నాలుగు రకాలూ ఒక్కసారిగా నోటికొచ్చి గుమ్మంలో తొక్కిసలాట జరిగింది. చివరకు బయటపడింది ఏమిటంటే, "అన్నా, అది పోతది, ఇత్తడి, ఇప్పుడు నా దగ్గర లేదు, దేవుడి దగ్గర ఉంది." కళ్లు మూసుకున్నాను. చెంప మీద గ్రైండర్ రాయి కోసం ఎదురుచూశాను.

ఏమీ పడలేదు. ఒక కన్ను తెరిచాను. పెద్దాయన ముందుకు వంగి నా మొహంలోకి చూస్తున్నాడు.

"పోతని ఎట్ల కనిపెట్టినావు?"

"పొక్కులు ఉన్నాయన్నా."

"పాతబడితే పొక్కులు రావా? అదొక లెక్కా?"

"అంచు మీద అతుకు గీత ఉంది."

"ఏడ?"

"పట్టాభిషేకం వైపు, కింద, ఆంజనేయుడు కూర్చున్న చోట."

"ఆడనా? ఛ! ఆడ ఆకురాయి పట్టలా. వంపు అడ్డం వచ్చేసింది. మూడు దినాలు రాకినాను తెలుసునా..."

అని ఆగిపోయాడు. నేను రెండో కన్ను కూడా తెరిచాను. ఆయన చెయ్యి మీసం మీదకు వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆ మొహం నాకు తెలుసు. వారం రోజులుగా అద్దంలో నేను చూస్తున్న మొహం అది.

తరవాత చెప్పాడు, ఎన్నూరు పడవలకు వినపడనంత మెల్లగా. ఫౌండ్రీలో చేరిన కొత్తలో, ఇరవై ఏళ్ల వయసులో, స్నేహితులకు తలా ఒకటి పోసిద్దామని అమ్మకు చెప్పకుండా టెంకిని తీసుకుపోయాడు. అచ్చు ఇసుకలో ఒత్తి ముద్ర తీశాడు. ఒక్కటి పోశాడు. బాగా వచ్చింది. సాయంత్రం చూస్తే అసలుది లేదు. ఇసుక గుట్టలో ఎక్కడో కలిసిపోయింది. పది రోజులు జల్లెడ పట్టాడు. దొరకలేదు. పోసినదానికే వెండి పూత వేయించి డబ్బీలో పెట్టేశాడు. ఆ రోజు నుంచి తల్లి పోయేదాకా, ఆమె దానికి కుంకుమ పెట్టడం చూసినప్పుడల్లా ఈయనకు కడుపులో కొలిమి.

"ఇప్పుడు గూడూరు నుంచి మా చెల్లెలు వస్తా ఉండాది. అమ్మ గుర్తుగా దాన్ని మెళ్లో బిళ్ల చేయించుకుంటాదంట. కంసాలి గీటురాయి మీద గీసినాడంటే అయిపోయింది. నువ్వు కనిపెట్టలేకపోతే వాడూ కనిపెట్టలేడని, నీకిచ్చి చూసినా. నువ్వేమో..." అని గట్టిగా ఊపిరి వదిలాడు. "దేవుడి దగ్గర అంటే ఏంది?"

ముడుపు చూపించాను. చూసి చూసి, ఆయన మొహం విప్పారింది. "హుండీలోకా పోయేది? అబ్బా, బతికించినావు తమ్ముడూ! ఆడ గీటురాయి ఉండదు కదా!"

"ఇత్తడా?" అన్న మాట వినపడింది.

గుమ్మంలో మా ఆవిడ. చేతిలో సంచీ. ఎప్పుడొచ్చిందో తెలియదు. మేమిద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో ఇద్దరికీ తెలియదు.

"ఈయన ప్రాణానికి నేను స్వామికి ఇత్తడి కట్టినానా?"

ఆమె సంచీ కింద పెట్టి అలాగే గడప మీద కూర్చుంది. "ఆ దినం ఇరవై రెండు వేలన్నారు. డాక్టరు పిలిచి ఇంట్లో పెద్దవాళ్లు ఎవరుండారు అనడిగినాడు. నాకు ఆ మాట చాలు. ఆటో ఎక్కి వచ్చేసినా. గుడ్డకు పసుపు తడిపినా. సగం పసుపు నేల మీదే పోసినా. ఏది కనపడితే అది కట్టినా. మంచిది కదా, పాతది కదా, స్వామికి నచ్చుతాదని..."

ఈ సంగతి ఆమె నాకు అంతకుముందు చెప్పలేదు. ఇరవై రెండు వేలు అన్న అంకె కూడా నాకు తెలియదు. నాకు ముప్పై అని చెప్పారు. స్టూలు కోసం చూశాను, కూర్చోవడానికి. అది ఇంకా పడే ఉంది.

కొంగుతో మొహం తుడుచుకుని ఆమె లేచింది. అప్పుడు అసలు భయం వేసింది నాకు. మా ఆవిడ ఏడుస్తుంటే ఇంట్లో మామూలు భయం. ఏడుపు ఆపితే వేరే రకం.

"మొక్కు మొక్కే. మూట విప్పేది లేదు. తద్దినానికి మూటతోనే తీసకపోయి ఫొటో ముందు పెట్టుకోండన్నా. తర్వాత కొండకు పోదాం. తక్కువైందానికి మీరిద్దరూ తలనీలాలు ఇయ్యాల."

పెద్దాయన గొంతు పీలగా వచ్చింది. "మీసం కూడానా పాపా?"

"మీసం ఏమన్నా కాళ్లకు మొలిచిందా?"

"లేదులే, ఊరికే అడిగినా."

"ఇంకొకటి. మీ చెల్లెలికి నేనై నేను చెప్పను. ఆమె అడిగిందంటే మాత్రం అబద్ధం చెప్పను."

గురువారం భోజనాలకు మమ్మల్నీ పిలిచారు. ఫొటో ముందు పసుపు మూట. చెల్లెలు వచ్చింది, చిన్న మనిషి, నా భుజం దాకా ఉంటుంది. "టెంకి ఏదన్నా? ఈ మూట ఏంది?" అంది. పెద్దాయన మా ఆవిడ వైపు చూశాడు. మా ఆవిడ గోడ వైపు చూసింది. నేను ఫ్రిజ్ వెనక్కి వెళ్లాను. ఆయన చెప్పేశాడు. ఇసుకలో ఒత్తడం, జల్లెడ, పూత, అన్నీ. కరిగిన ఇనుము ముందు ముప్పై అయిదేళ్లు నిలబడ్డ మనిషి, చెల్లెలి ముందు తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

ఆమె మూట దగ్గరికి వెళ్లి వంగి చూసింది. కోప్పడుతుందని నేను ఫ్రిజ్‌ను గట్టిగా పట్టుకున్నాను.

"ఆ ఇసక ఏడ పారపోసినారన్నా?" అంది.

"ఎన్నూరు రోడ్డు పక్కన గుంతలు పూడ్చినారమ్మా."

"అంటే ఆడనే ఉంటాది."

"ఆడనే. కంటైనర్ లారీలు పోతా ఉంటాయి పైన."

ఆమె తల ఊపింది. మూట తీసి ఒకసారి కళ్లకద్దుకుని, ఫొటో ముందు మళ్లీ పెట్టి, "ఆకులు వెయ్యండి, అన్నం చల్లారిపోతాది" అంది.

కొండ మీద హుండీ దగ్గరికి చేరేసరికి మా ఇద్దరి గుండ్లకూ చందనం. మీసం లేని పెద్దాయన ఎవరో చెప్పకపోతే నేను గుర్తుపట్టేవాణ్ణి కాదు. మూట నా చేతిలో. అదింత తేలికగా ఉంటుందని అనుకోలేదు. వదలాలంటే వేళ్లు వినడం లేదు. పోయిన నెల నా ప్రాణానికి పూచీ ఉన్నది ఇదొక్కటే.

పెద్దాయన నా చెవిలో గొణిగాడు. "తమ్ముడూ, లోపల నాణేలు వేరే ఏరతారంట కదా. ఆడ నీ మాదిరి చూసేవాడు ఎవడైనా ఉంటాడంటావా?"

అంతవరకు ఆ ఆలోచనే రాలేదు నాకు. మూట మీద వేళ్లు ఇంకా బిగిశాయి. వెనక నుంచి మా ఆవిడ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. చెయ్యి తెరుచుకుంది.