డ్రాగన్ తోక పట్టుకున్న రోజు

నా చిన్నప్పుడు నన్ను ఎవరెవరు ఎక్కడెక్కడ చిన్నబుచ్చారో ఇప్పటికీ వరుస తప్పకుండా చెప్పగలను. మూడో తరగతిలో నేను గెలిచిన పలకను ఇంకో పిల్ల చేతిలో పెట్టిన అయ్యవారు, పెద్దమ్మ కూతురి పెళ్లిలో పిల్లల బంతిలో నా విస్తరి ఒక్కటే మరచిపోయిన వంటామె, నా కొత్త పావడా చూసి నవ్విన మేనత్త, ఎవరినీ వదల్లేదు. మా ఇంట్లో వాళ్లు దీన్ని నా జబ్బు అంటారు. జబ్బయితే అయింది. జరిగినవి జరగలేదని నేను చెప్పలేను. కానీ ఆ వరుసలో ఒక రోజు ఉంది. దాని గురించి మాత్రం ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

అప్పుడు మేము ఆళ్లగడ్డలో రాతి పనివాళ్ల వీధిలో ఉండేవాళ్లం. తెల్లవారింది మొదలు ఉలుల చప్పుడే. మా పక్కింటి అక్క వాళ్ల నాయన దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాడు. ఒకనాడు రాతి పెళ్ల ఎగిరి తగిలి ఆయన కుడికన్ను పోయింది. రెండో కంటి చూపు కూడా మందగిస్తూ వచ్చింది. విగ్రహానికి కనుముక్కు తీర్చే మనిషి బండలు సాపు చేసే పనికి దిగాడు. ఆ ఇంటికి పెద్ద సంతానం అక్కే. నంద్యాలలో టీచరు ట్రైనింగు చదువుతూ, ఆఖరి నెలల్లో మా బడికే పాఠాలు చెప్పడానికి వచ్చింది. చివర్లో నంద్యాల నుంచి పెద్ద సారు ఒకాయన వచ్చి, ఆమె చెప్పే పాఠం కూర్చుని వింటాడు. బాగుందంటే ఆమె టీచరు అవుతుంది. బాగాలేదంటే ఇంకో ఏడాది చదవాలి. ఇంకో ఏడాది ఆగే ఓపిక ఆ ఇంట్లో లేదు. ఈ సంగతి మా వీధిలో పిల్లలందరికీ తెలుసు. నాకు అందరికంటే బాగా తెలుసు.

ఆ చివరి పాఠానికి అక్క డ్రాగన్‌ను ఎంచుకుంది. కారణం ఉంది. మా సాంఘిక శాస్త్రం పుస్తకంలో చైనా పాఠం పక్కన వేలెడంత డ్రాగన్ బొమ్మ ఉండేది. దానికి రెక్కలు లేవు. ఇంగ్లీషు వాచకంలో ఉన్న డ్రాగన్‌కేమో గబ్బిలం రెక్కలు, నోట్లో మంటలు. ఏది నిజమని క్లాసులో పెద్ద రగడ అయింది. పేరు ఒకటే కాబట్టి జంతువు కూడా ఒకటే అనుకుంటున్నామని, అసలు అవి రెండు వేర్వేరని అక్క అప్పుడే చెప్పింది. పడమటి దేశాల కథల్లో డ్రాగన్ గుహలో బంగారం మీద పడుకుంటుంది, ఊళ్లు కాలుస్తుంది, చివరికి గుర్రం మీద వచ్చిన వీరుడి ఈటెకు చస్తుంది. చైనా డ్రాగన్‌ను ఎవరూ చంపరు. దానికి జింక కొమ్ములు, చేప పొలుసులు, గద్ద గోళ్లు. మబ్బుల్లో ఉండి వాన కురిపిస్తుంది.

ఆ ఏడు మాకు వానల్లేవు. అంతకు ముందు వారమే మేము రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకుని వచ్చాం. అక్క ఆ కప్పనే పట్టుకుంది.

"మనం కప్పను తిప్పినట్లే చైనావాళ్లు గుడ్డతో డ్రాగన్ చేసి వీధుల్లో తిప్పుతారు. దాన్ని కొట్టరు, మొక్కుతారు. వాళ్ల మాటలో దాని పేరు లుంగ్."

"లుంగీనా అక్కా?" అన్నాను నేను. క్లాసంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువగా అక్కే నవ్వింది. "లుంగీ అని పెద్ద సారు ముందర అంటివంటే నీ చెవి నాది మ్మే!" అంది.

పాఠంలో చూపించడానికి మేమూ ఒక డ్రాగన్ చేశాం. అక్క వాళ్ల అరుగు మీద మూడు రోజులు అదే పని. ఒంటికి వాళ్ల అమ్మ ఆకుపచ్చ చీర, లోపల వెదురు దబ్బల చుట్టలు, తలకు పాత గంప. గంపకు కాగితాలు అంటించి, ఎండిన కొమ్మలు కొమ్ములుగా గుచ్చాం. పొలుసులన్నీ నేనే చేశాను. పాత పేపర్లు పసుపు నీళ్లలో ముంచి, ఆరబెట్టి, గుండ్రంగా కత్తిరించి, మైదా జిగురుతో ఒక్కొక్కటీ అంటించాను. కత్తెర పట్టిన వేలు బొబ్బలెక్కింది. తల ఎవరు పట్టుకోవాలో ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేదనుకున్నాను.

పెద్ద సారు వచ్చే రోజు పొద్దున అక్క ఆ గంపను తీసి వెనక వీధి పిల్ల నెత్తిన పెట్టింది. ఆ పిల్లకు నత్తి. ఒక్క పొలుసు కూడా అంటించలేదు. నాతో, "నువ్వు తోక పట్టుకో మ్మే, తొందరగా" అంది. అంతే. ఇంకో మాట లేదు. గోడకు బొమ్మలు తగిలించే హడావిడిలో నా ముఖం వైపు కూడా చూడలేదు. వెనక నుంచి ఇద్దరు పిల్లలు "తోకా, ఓ తోకా" అని పిలిచారు. నా చెవులు మండిపోయాయి. పలక, విస్తరి, పావడా, వీటన్నిటి మీదకు ఇది వచ్చి కూర్చుంది.

పాఠం ఎంత బాగా జరిగిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. అక్క బోర్డు మీద రంగు సుద్దలతో మంటల డ్రాగన్ వేసింది. మేము ఆకుపచ్చ డ్రాగన్‌ను మోసుకుంటూ బెంచీల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ వచ్చాం. కప్ప సంగతి చెప్పినప్పుడు పెద్ద సారు కూడా నవ్వి ఏదో రాసుకున్నాడు. తర్వాత వెనక బెంచీ నుంచి లేచి మా దగ్గరికి వచ్చాడు. గంప కింద ఉన్న పిల్ల ముఖం ఆయనకు కనిపించలేదు. వరుసలో చివర నేను తోక పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాను.

"ఏం పాపా, ఈ రెండు డ్రాగన్లకు తేడా ఏంది? చెప్పు చూద్దాం."

అక్క ముఖం విచ్చుకుంది. ఆ ముఖం నేను చూశాను. చూసే అన్నాను.

"రెండూ ఒకటే సార్."

సారు సరిగా వినబడలేదనుకున్నాడు. మళ్లీ అడిగాడు.

"రెండూ పాములే సార్. రెండూ ఊళ్లు కాలుస్తాయి."

క్లాసులో మొదటి మార్కులు నావి. నేను చెప్పిందే సరైనదనుకుని, నా తర్వాత సారు అడిగిన ఇద్దరూ నా వైపు చూసి అదే చెప్పారు. అక్క సుద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. పాఠం ఆమెకు వచ్చు కానీ పిల్లలకు ఎక్కలేదని పెద్ద సారు మా హెడ్మాస్టరుతో గుమ్మం దగ్గర అనడం మేమందరం విన్నాం. ఆయన వెళ్లిపోయాక క్లాసు పిల్లలు నా మీద విరుచుకుపడ్డారు. అక్క వాళ్లను ఆపింది. "దాన్నెందుకు అంటాండారు? నేను చెప్పిండేదే సరిగా ల్యా. పోండి, నీళ్లు తాగిరాపోండి" అంది.

సాయంత్రం అక్క వాళ్ల అరుగు మీద కూర్చుని, చీర మీద నుంచి పొలుసులు ఒక్కొక్కటే ఊడదీస్తోంది. చీర ఉతికి వాళ్ల అమ్మకు తిరిగి ఇవ్వాలి. నేను వెళ్లాను. క్షమాపణ అడగడానికి వెళ్లానని రాస్తే బాగుంటుంది, కానీ అది అబద్ధం. నిలదీయడానికి వెళ్లాను.

"నాకెందుకు తోక ఇచ్చినావు?"

అక్క తలెత్తి చూసింది.

"తల పట్టుకుంటే మొగం గంపలో దాంకుంటాది గదమ్మే. ఆ పిల్లను సారు అడిగితే నత్తి వచ్చి ఏడుస్తాది, అందుకని దాన్ని దాచినా. నిన్ను గూడా దాస్తే నాకు జవాబు ఎవురు చెప్తారు? తోక కాడ ఉంటే సారుకు ఎదురుగా ఉంటావని పెట్టినా. నీకు ముందే చెప్పాల్సింది, పొద్దున బిత్తరలో మర్సిపోతిని."

అప్పుడైనా నిజం చెప్పాలి. కావాలనే అన్నానక్కా, నాకు జవాబంతా వచ్చు అని. నోరు తెరిచాను కూడా. ఆమె నాకు ఆ కష్టం కూడా లేకుండా చేసింది.

"పెద్ద సారును చూసి బయపడినావు గదూ? పోన్లే. చిన్నపిల్లవి" అంది.

"అవునక్కా" అన్నాను.

పెద్ద సారు ముందు అన్న మాట కోపంలో అన్నది. ఈ రెండో మాటకు కోపం కూడా సాకు కాదు. పొలుసులు ఊడదీయడానికి నేనూ ఒక చెయ్యి వేశాను.

అక్క ట్రైనింగు తప్పింది. మళ్లీ చదవలేదు. మరుసటి నెల నుంచి నాయనతో పాటు బండలు నునుపు పట్టే పనికి వెళ్లింది. నేను బడికి వెళ్లే దారిలోనే ఆ షెడ్డు. రాతి పొడితో కనుబొమలు తెల్లబడిన ముఖంతో నన్ను చూసి, "పాఠాలు బాగా చదువుతాండావా మ్మే?" అని అడిగేది. నేను తల ఊపి వేగంగా నడిచేదాన్ని. కొన్నాళ్లకు ఆ దారే మానేసి చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాను. ఆమె పెళ్లయి నంద్యాల వెళ్లిపోయింది, అక్కడ బియ్యం మిల్లులో పని చేసిందని విన్నాను. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఎంత దూరమని. ఈ యాభై ఏళ్లలో ఎన్ని వందలసార్లు బస్సు దిగానో అక్కడ. ఒక్కసారి కూడా ఆమె ఇల్లు ఎక్కడని అడగలేదు.

పోయిన వేసవిలో ఆమె పోయిందని కబురు వచ్చింది. అప్పుడు మాత్రం వెళ్లాను. ఆమె కూతురు నన్ను ఎప్పుడూ చూడలేదు, కానీ ఆళ్లగడ్డలో వాళ్ల పక్కింటి పిల్లనని చెప్పగానే నా రెండు చేతులు పట్టుకుంది.

"డ్రాగన్ పాఠం పిన్నమ్మ నువ్వేనా? అమ్మ ఎప్పుడూ చెప్తాండె. నేను పాఠం చెప్పిన పిల్లల్లో దానంత తెలివైంది ల్యా, పాపం ఆ పొద్దు బయపడింది, లేకుంటే అన్నీ చెప్పేది అని."

ఆ సాకు ఆమె అరుగు మీద అప్పటికప్పుడు నాకోసం కల్పించింది. దాన్నే జీవితాంతం నిజమన్నట్టు దాచుకుంది. తెలిసి దాచుకుందో, తెలియక దాచుకుందో నాకు ఎప్పటికీ తెలియదు. కూతురికైనా చెబుదామనుకున్నాను. తల్లిని పోగొట్టుకున్న పిల్ల దగ్గర ఆ కాస్త తీపి మాట కూడా లాక్కోవడానికి నా చేతులు రాలేదు. టీ తాగి వచ్చేశాను.

ఈ వయసులో నేను మారానని ఎవరూ అనుకోవద్దు. పలక ఇవ్వని అయ్యవారిని నేను ఇప్పటికీ క్షమించలేదు. నాకు చేసినవి ఏవీ మరచిపోయే మనిషిని కాను. కానీ నా మీద పెట్టుకోవలసిన కోపం ఆమె ఒక్క పూట కూడా పెట్టుకోలేదు. ఎవరో ఒకరు పెట్టుకోవాలి కదా. ఆమె తరపున నేనే పెట్టుకున్నాను.