పాత రికార్డులు కొనబడును

ఉద్యోగం పోగొట్టుకోవడానికి కొందరు లంచం తింటారు, కొందరు తాగి ఆఫీసుకు వస్తారు. నేను వాట్సాప్‌లో ఏడెనిమిది వాక్యాలు రాశాను. వాటిలో ఒక్క అబద్ధం లేదు, ఒక్క అచ్చుతప్పు లేదు. అయినా మర్నాటి మధ్యాహ్నానికి నా నౌకరీ ఉంటుందో ఊడుతుందో తెలియని స్థితి వచ్చింది. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆవలింత వస్తుంది, అంత అలిసిపోయాను దీనితో.

అప్పట్లో నేను బాన్సువాడలో కిరాయికి ఉంటూ, దగ్గర్లోని ఒక మండల రెవెన్యూ ఆఫీసులో రికార్డు రూము గుమాస్తాగా పనిచేసేవాడిని. భూముల పాత కాగితాలు, బూజు, ఎలుకలు, నేను. మేం నలుగురం ఆ గదిలో ఉండేవాళ్లం. రైతుల్లో ఎవరికీ నా పేరు తెలియదు. వాళ్ల ఫోన్లలో నా నంబరు 'రికార్డుల సార్' అని ఉండేది. నా కొంప ముంచింది సగం ఈ బిరుదే.

మిగతా సగం ముంచింది జాజ్. నిజామాబాదులో పాత సామాన్ల దుకాణంలో ఒక రికార్డు ప్లేయరు కొంటే, దానితోపాటు దుకాణంవాడు ఒక అట్టపెట్టె అంటగట్టాడు. అందులో ఒక జాజ్ రికార్డు ఉంది. అమెరికా నల్లవాళ్ల సంగీతం అది. బాకా, పియానో, డ్రమ్ము ఎవరి దారిన వాళ్లు పోతారు, పోయి పోయి ఒకచోట కలుస్తారు. మొదటిసారి విన్నప్పుడు మిషను చెడిపోయిందనుకున్నాను. ఎక్కడ చెడిందో చూద్దామని రెండోసారి పెట్టాను. మూడోసారి ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. ఏడాది తిరిగేసరికి మంచం కింద, బియ్యం డ్రమ్ము వెనక, దేవుడి అల్మారా మీద రికార్డులే. తాను దూర సందు లేదు మెడకో డోలు అంటారు కదా. మా ఇంట్లో డోళ్లు దర్జాగా కూర్చున్నాయి, సందు వెతుక్కునేది మేమే.

బాన్సువాడలో జాజ్ వినేవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. అందుకని వాట్సాప్‌లో నలభైమంది తెలుగు జాజ్ పిచ్చివాళ్ల గ్రూపులో చేరాను. విశాఖపట్నంలో ఉండే మూర్తిగారని ఒక రిటైర్డు పళ్ల డాక్టరు దానికి పెద్ద. ఫలానా బాకా ఆయన ఫలానా చోట ఊపిరి పీల్చుకున్నాడా లేదా అని మేం మూడు రోజులు కొట్లాడుకోగలం. ఒకసారి మా ఆవిడ సునీత నా భుజం మీదుగా ఆ చర్చంతా చదివి, ఈ రోగానికి మందు లేదా అని అడిగింది. గ్రూపులోనే డాక్టరు ఉన్నాడని చెప్పాను.

ఆ డాక్టరుగారే ఒక శనివారం నాకు సలహా ఇచ్చారు. మీ వైపు ఒకప్పుడు చెరకు ఫ్యాక్టరీలు నడిచాయి, బయటి దేశాల ఇంజనీర్లు కూడా తిరిగి ఉంటారు, ఎవరి అటక మీద ఏ వజ్రం ఉందో, ఊళ్లో అడిగి చూడండి అన్నారు. నేను వెంటనే ఫోను తీసి, బాన్సువాడలో పాత బండ్లు, బర్రెలు, ఫ్రిజ్‌లు అమ్ముకునే గ్రూపులో ఇలా రాశాను:

'మీ ఇంట్లో పాత రికార్డులు అటక మీద ఊరికే పడి ఉన్నాయా? మంచి ధరకు కొంటాను. ఎంత పాతవైతే అంత ఎక్కువ ధర. గీతలు పడినా, కవరు చిరిగినా పర్వాలేదు. ఒరిజినల్ మాత్రమే కావాలి, డూప్లికేట్ వద్దు. విదేశీవైతే మరీ మంచిది. ఆదివారం ఉదయం మా ఇంటికే తీసుకురండి. దయచేసి ఆఫీసుకు తేవద్దు.'

మొదట 'జాజ్ రికార్డులు' అనే రాశాను. మళ్లీ ఆలోచించాను. మన దగ్గర జాజు అంటే గోడలకు పూసే ఎర్రమట్టి కదా, ఎవరైనా సంచి నిండా జాజు మోసుకొస్తే పాపం అనుకుని ఆ ఒక్క మాట తీసేశాను. నా మొత్తం జీవితంలో నేను చూపించిన ముందుచూపు అదొక్కటే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈ రోజుల్లో నోటికన్నా ముందు వేలు మంచిది కావాలి.

ఆదివారం ఏడింటికి తలుపు తీస్తే వర్ని దగ్గర నుంచి వచ్చిన ఒక రైతు నిలబడి ఉన్నాడు. వాళ్ల పెద్దలు కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. రికార్డుల సార్ గారి ఇల్లు ఇదేనాండి అన్నాడు. ఆయన్ని లోపలికి లాగి కుర్చీ వేశాను.

"ఎన్ని ఉన్నాయి?"

"రెండున్నాయండి. మా తాతగారి నాటివి."

"గీతలు ఉన్నాయా?"

"ఒకచోట గీత కొట్టి పైన రాశారండి."

"రెండు వైపులా బాగున్నాయా?"

"ఒకవైపే ఉందండి. వెనకాల ఖాళీ."

ఒకవైపే! మరీ మొదటి కాలపు రికార్డులకు ఒకవైపే పాట ఉండేది. మూర్తిగారి దగ్గర కూడా అలాంటిది లేదు. ఆయన సంచిలోంచి జాగ్రత్తగా తీసి నా చేతిలో పెట్టాడు. భూమి పహాణీ నకలు. వాళ్ల తాత పేరు, సర్వే నంబరు, ఎకరం పన్నెండు గుంటలు.

పాటల రికార్డులండీ నాకు కావలసింది అని ఆయనకు చెప్పేలోపు ఇంకో ముగ్గురు లోపలికి వచ్చారు. ఆ మెసేజ్‌ను ఎవరో పుణ్యాత్ముడు చుట్టుపక్కల ఊళ్ల గ్రూపులన్నింటికీ పంపించాడట. కింద నా నంబరు కూడా జోడించాడు, నొక్కి చూస్తే 'రికార్డుల సార్'. ఇక అనుమానం ఎవరికి వస్తుంది? ఎనిమిదింటికి గుమ్మం ముందు చెప్పుల కుప్ప లేచింది. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి నుంచి వచ్చిన పెద్దాయన మరాఠీలో ఏదో గట్టిగా అడుగుతున్నాడు, నేను తెలుగులో కాదు కాదు అంటున్నాను. సునీత చాయ్ పెట్టి పెట్టి, చివరికి గిన్నె బోర్లించి కూర్చుంది.

తండా నుంచి వచ్చిన సోనాబాయి అనే ముసలమ్మ మాత్రం కాగితం కొంగులో కట్టుకుని, ముడి విప్పకుండా నన్నే చూస్తోంది.

"కాయితం నీకిస్తే భూమి గూడ నీదైతదా సారు?"

"కాదవ్వా. నాకు నీ కాయితం వద్దు."

"వద్దంటే మల్ల కొంటనని ఎందుకు రాస్తివి?"

"గవి పాటల రికార్డులవ్వా."

"పాటలకు గూడ పట్టా ఉంటదా?"

అప్పుడే గేటు ముందు జీపు ఆగింది. మా తహసీల్దార్ మేడం. ఆమెకు అబద్ధమన్నా లంచమన్నా ఒళ్లు మంట. సర్వీసులో నేను ఒక్క రూపాయి ముట్టలేదని ఆమే నలుగురిలో చెప్పేది. ఆ రోజు నా ముఖం చూడలేదు. ఫోను తెరిచి, నేను రాసింది అందరి ముందూ చదవడం మొదలుపెట్టింది. పాపిష్టి రాత, ఒక్కో వాక్యం ఒక్కో నేరంలా వినబడుతోంది.

"'ఒరిజినల్ మాత్రమే కావాలి.' మీరే రాసిండ్రా?"

"నేనే మేడం."

"'విదేశీవైతే మరీ మంచిది.' అంటే ఏంది? దుబాయి పోయినోళ్ల భూములా?"

"కాదు మేడం, సంగీతం."

"'ఆఫీసుకు తేవద్దు.' ఎందుకు తేవద్దు?"

"ఆఫీసు టైంల సొంత పని తప్పని మేడం."

ఆమె మొదటిసారి నా ముఖం చూసింది. ఆ చూపుకన్నా చూడకపోవడమే నయం. రేపు పొద్దున కలెక్టరేట్‌కు రిపోర్టు పోతుందని, అక్కడి నుంచి సస్పెన్షన్ ఆర్డరే వస్తుందని చెప్పింది. సాక్షి ఉన్నాడు మేడం అంటూ మూర్తిగారికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, నా సంగతి మీకు తెలిసింది మా మేడంగారికి చెప్పండి సార్ అన్నాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. ఆయన పెద్ద మనసుతో గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఆయన చాలా గొప్పవాడండి. ఏళ్ల తరబడి అరుదైన పాత రికార్డులు పోగేస్తున్నాడు. మా నలభైమందిలో ఎవరికి ఏది కావాలన్నా ఆయన్నే అడుగుతాం. మొన్న నాకే నాలుగు పంపించాడు. ఆఫీసు పనికన్నా ఆయనకు ఇదే ముఖ్యమండి."

నలభైమంది ముఠా అని గుమ్మం దగ్గర ఎవరో మెల్లగా అన్నారు.

నన్ను కాపాడింది సునీత. లోపలి నుంచి ప్లేయరు తెచ్చి మంచం మీద పెట్టి, చేతికందిన రికార్డు వేసింది. ఆ మిషను మీద ఆమె చెయ్యి వేయడం అదే మొదటిసారి. బాకా మొదలైంది. పాతికమంది రైతులు, ఒక తహసీల్దారు, కదలకుండా విన్నారు. కొంతసేపటికి వర్ని రైతు, మోటారు స్టార్టవడం లేదనుకుంటానండి అన్నాడు. సోనాబాయి మాత్రం ప్లేయరు దగ్గరికి జరిగి, "ఎవలు సచ్చిండ్రు బిడ్డా?" అని మెల్లగా అడిగింది. మా గ్రూపులో నలభైమంది ఏళ్ల తరబడి రాసినదాంట్లో ఆ పాట గురించి ఇంతకన్నా మంచి మాట లేదు.

పాట అయిపోయింది. మేడం కాగితం తెప్పించి, తానే చెబుతూ నా చేత రాయించింది.

"'నేను కొనదలచినవి సంగీతం రికార్డులు మాత్రమే. భూముల రికార్డులతో వీటికి సంబంధం లేదు. వీటికి ఎట్లాంటి విలువా లేదు.' సంతకం పెట్టండి."

"విలువ లేదని ఎందుకు మేడం?"

"విలువ ఉన్నయి రైతుల దగ్గర తీసుకుంటే లంచం కిందికి వస్తది. నౌకరీ కావాల్నా వద్దా?"

గ్రూపులో వందలసార్లు అమూల్యం అని రాసిన చేత్తోనే సంతకం పెట్టాను. పైకి చదవమంది, చదివాను. అప్పుడు మంచం మీద నా ఫోనులోంచి మూర్తిగారి గొంతు వినిపించింది. లైను కట్ చేయడం మరిచిపోయాను.

"విలువ లేదా అండీ?"

నేను జవాబు చెప్పేలోపు ఆయనే పెట్టేశారు. వచ్చిన పని ఎలాగూ చెడిందని మేడం మా మంచం మీదే కూర్చుని, మూడింటిదాకా వాళ్లందరి కాగితాలూ చూసింది. సోనాబాయి కొంగు ముడి అప్పుడు విప్పింది. నేను పక్కన కూర్చుని రాస్తూనే ఉన్నాను.

నౌకరీ మిగిలింది. కానీ గ్రూపులో నాలుగు రోజులు చీమ చిటుక్కుమనలేదు. అయిదో రోజు సిగ్గు విడిచి మూర్తిగారికి క్షమించమని పొడుగాటి ఉత్తరంలాంటిది రాశాను. భయపడి అన్నాను గానీ మనసులో అలా లేదని బతిమాలాను. సాయంత్రానికి జవాబొచ్చింది: 'మీరు అధికారి ముందు ఒక్కసారి అన్నారు. నేను కొత్తది కొన్నప్పుడల్లా మా ఆవిడ ముందు నలభై ఏళ్లుగా అదే అంటున్నాను. ఆవిడ ఇంకా సంతకం పెట్టించుకోలేదు, అంతే తేడా.'

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక రికార్డు కావాలని రాయను. వెనకటివాళ్లు గ్రామఫోను ప్లేటు అనేవారు కదా, ప్లేటు అని రాస్తాను. టెంట్‌హౌస్ వాళ్లు భోజనాల ప్లేట్లు పట్టుకొస్తే పట్టుకురానీ, కడిగి పంపిస్తాను.