బరువెక్కువ బండి

వీధి చివరి సెలూన్ మాస్టారికి తలైనా బండైనా ఒకటే, అక్కర్లేనిది తీసేయాలి. మామగారు ఒకప్పుడు మట్టిపందేల్లో తోలిన మోటోక్రాస్ బండిని పాతసామాన్ల గదిలోంచి లాగి, తుప్పు వదలగొట్టి, ఇంజన్ విప్పి బిగించాక, దాని బరువు తగ్గించే పనిలో పడ్డాడు. మడ్‌గార్డులు కురచ చేశాడు, సీటులో స్పాంజి సగం కోశాడు, ప్రతి రేకుకీ డ్రిల్లుతో చిల్లులు పెట్టాడు. ముందుగా చెయ్యి కుదరడానికి వంటింట్లో సాధన చేయడంతో ఆ ఇంట్లో గరిటెలన్నీ చిల్లుల గరిటెలయ్యాయి. తన వంతుగా మీసం తీసేశాడు. చివరికి బ్రేకులు ఊడదీశాడు.

“బ్రేకుల్లేకుండా ఎలాగండీ?” అని భార్య అడిగింది.

“పందేనికి ఆగడానికి పోతామా?” అన్నాడు.

పందెం రోజున మలుపుల్లో బూట్లు నేలకి రాస్తూ, అందరికంటే ముందు గీత దాటాడు. అదే ఊపులో కంచె సందులోంచి పక్క చేలోకి వెళ్లిపోయాడు. పందెం పెట్టినాయన కప్పు పట్టుకుని కొంతదూరం వెంటబడి, రొప్పుతూ తిరిగొచ్చాడు.

“నాకివ్వండి అన్నయ్యా. పెట్రోలు అయిపోతే ఆయనే ఇంటికొస్తారు,” అంది భార్య.

పొద్దుగూకే వేళకి ఒంటినిండా గడ్డితో, బండి తోసుకుంటూ వచ్చాడు. ఆవిడ కప్పు అందించింది. దాన్ని అరచేతిలో పైకీ కిందికీ ఆడించి చూశాడు.

“బరువెక్కువ,” అని డ్రిల్లు కోసం లోపలికి నడిచాడు.