నాలుగు ఓట్లూ మీకే!

ఈ సాయంత్రం మా గల్లీలోకి ఓట్లడిగేవాళ్లు వచ్చారు. "ఇంట్ల ఎన్ని ఓట్లు సార్?" అనగానే, నాన్న గేటు దగ్గరే నిలబడి "నాలుగు. నాలుగూ మీకే!" అని దర్జాగా మాటిచ్చేశాడు. అందులో నేను మొదటిసారి వేయబోయే ఓటు కూడా ఉంది.

వాకిట్లో పుంటికూర తెంపుతున్న నానమ్మ తల ఎత్తకుండానే అంది: "నాలుగెట్లయితయ్ బిడ్డా? నీకున్నది ఒక్కటే గదా. మీ నాయిన సుత గిట్లనే మాటిస్తుండె. నేను ఎవరికేసిన్నో ఆయనకు ఎన్నడూ తెల్వలే."

వంటింట్లో అమ్మ కిసుక్కున నవ్వింది.

అప్పటినుంచి నాన్న టీవీ కట్టేసి అమ్మనే చూస్తున్నాడు, ఇన్నేళ్లూ ఎవరికి వేసిందో అడగాలా వద్దా అని. అడిగినా చెప్పదు. నేనూ చెప్పను.

మీ ఇంటి గేటు దగ్గర మాటిచ్చేదెవరు?