పట్టుచీరల్లో గోగునార తీసిన సినిమా

ఆదివారం ఉదయం ఆరున్నరకి రాజాం ఆర్టీసీ కాంప్లెక్సులో విజయనగరం బస్సెక్కాం, నేనూ మా తమ్ముడు అప్పన్నా. ఆడవాళ్లకి బస్సు ఊరికే కాబట్టి వాడొక్కడికే టికెట్టు కొట్టారు. దానికీ సణిగాడు.

నెల్లిమర్లలో పాత రీళ్లు దాచుకున్న మాస్టారు ఒకాయన, గోగునార మీద ఎప్పుడో ఎవరో తీసిన పది నిమిషాల సినిమా వేస్తున్నారని తెలిసి బయల్దేరాం. నాకు ఆరేళ్లప్పుడు దాన్ని మా ఊరి వాగులోనే, మేం గెడ్డ అంటాం, తీశారు. అందులో మా అమ్మ ఉంది. ఆ మరుసటేడే పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. అప్పటికి ఉయ్యాల్లో ఉన్న తమ్ముడికి అమ్మ మొహమే తెలీదు. సినిమావాళ్లు వస్తున్నారని అమ్మ పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని గోగుకట్టలు నానేసిన ఆ కుళ్లునీళ్లలో దిగిందని ఎన్నిసార్లు చెప్పినా వాడు నమ్మడు.

"పట్టుసీర కట్టుకొని నార ఎవులు తీస్తారప్పా? కలగన్నావు," అన్నాడు చీపురుపల్లి దాటాక కూడా. నవ్వేశాను గానీ, నిజంగానే కలేమోనని నాకూ లోపల బెదురుగానే ఉంది.

ఎనిమిదిన్నరకి విజయనగరంలో దిగి, ఇడ్లీ తిని, నెల్లిమర్ల ఆటో ఎక్కాం. మనిషికి ఇరవై. పక్కన కూర్చున్న జూట్‌మిల్లు కార్మికుడు మేం దేనికి వెళ్తున్నామో విని, "గోగు ఏసేవోల్లే లేరు, సినిమాకెవులొస్తారమ్మా," అన్నాడు.

మాస్టారి ముందుగదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి తెల్లపంచె బిగించారు. పదిమందిమి ఉన్నాం. ప్రతి ఆదివారం వేస్తారట; వెళ్లేవాళ్లు పదిలోపే చేరండి, తర్వాత గది ఉడికిపోతుంది.

బొమ్మ నిండా వాన కురిసినట్టు గీతలు. కట్టలు నానబెట్టడం, కాడ విరిచి నార లాగడం, ఏదీ తొందరపడకుండా చూపించాడు తీసినాయన. వాసనొక్కటే తక్కువ. సినిమాలో వ్యాఖ్యానం చెప్పే గంభీరమైన గొంతు, "నిరాడంబరులైన మన గ్రామీణ మహిళలు" అంది. సరిగ్గా అప్పుడే నలుగురు ఆడవాళ్లు జరీ అంచులు ఎగదోపుకుని మోకాలిలోతు బురదనీళ్లలో దిగారు. గదంతా నవ్వింది. రెండో మనిషి మా అమ్మ. నార జాడించి, అంచు తడిసిందేమో చూసుకుని, పక్కావిడతో మనకి వినపడని మాటేదో అని నవ్వింది. చీర మార్చుకు రమ్మనకుండా వాళ్లని అలాగే తీసిన ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది. నేను చూసింది కల కాదు.

తమ్ముడు నవ్వలేదు. "ఇంకోపాలి ఎయ్యండి మాస్టారూ," అన్నాడు. ఆయన విసుక్కోకుండా మూడుసార్లు వేశారు.

తిరిగొచ్చే మూడున్నర బస్సులో, గరివిడి దగ్గర వాడు నావైపు తిరిగాడు.

"అమ్మ గొంతు ఎలాగుండేదప్పా?"

"బొంగురు. పిలిస్తే వీధి సివరకి ఇనిపించేది."

"నన్నేటని పిలిసేది?"

అమ్మ పిలిచినట్టే పిలిచి వినిపించాను. సగం బస్సు మావైపు తిరిగి చూసింది. వాడు మాత్రం కిటికీ బయటికి చూస్తూ, మళ్లీ పిలవమన్నాడు.